కందికట్టె మంట

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, డోన్‌కు బండి మీద పూట ప్రయాణం దూరంలో మాకు ఆరెకరాల మెట్ట ఉండేది. ఊళ్లో ఇల్లు లేదు. చేలోనే ఒక కొట్టం, పక్కన ఎద్దుల పాక, దానికి ఆనించి రాళ్లతో కట్టిన కోళ్లగూడు. నాయన, అమ్మ, నాయన తల్లి జేజి, అక్క, నేను, అంతే మనుషులం. అక్కకు పన్నెండేళ్లు, నాకు ఎనిమిది.

కోళ్లు అక్కవి. ఎవరూ ఆమెకు ఇవ్వలేదు గానీ, పొద్దున గూటి బండ తీసేదీ, సాయంత్రం ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి తిట్టి లోపలికి తోలేదీ ఆమే. తొమ్మిది పెట్టలు, ఒక పుంజు. అక్క బావికి పోతే బావి దాకా వెంటబడి పోయేవి. నేను పిలిస్తే మాత్రం తల ఎత్తి చూసి మళ్లీ గీరుకునేవి.

పుష్యమాసంలో ఆ మెట్ట మీద గాలికి అడ్డమంటూ ఏమీ ఉండదు. పొద్దున లేస్తే చేతులు కొయ్యబారేవి. జొన్నపుల్లలు నోట్లో పెట్టుకుని ఆవిరి ఊదుతూ, బీడీలు తాగుతున్నట్టు నాయన నడక నడిచేవాళ్లం. అది విసుగు పుడితే చలిమంట. ఆ ఏడు పుష్యమాసంలో కంది కొట్టారు. గింజ రాలిన కట్టె కుప్పగా పడి ఉంది. కందికట్టె గుప్పున లేస్తుంది, అంతే తొందరగా అణిగిపోతుంది. అణిగే సమయం కనిపెట్టి ఈ పక్క నుంచి ఆ పక్కకు దూకాలి. అదీ మా ఆట. కిందటేడు దాకా అక్క నాకంటే బాగా దూకేది.

ఆ కార్తీకంలో జేజి అక్కను కూచోబెట్టి చెప్పింది. "ఇంగ నువ్వు చిన్నపిల్లవు కాదు. పావడ ఎగ్గట్టుకోని తిరిగితే నలుగురూ నవ్వుతారు. మడమల దాకా దించుకోని నడువ్." అప్పటినుంచి అక్క బురదలో కూడా పావడ ఎత్తేది కాదు.

కంది కొట్టిన మరునాడు పొద్దున నాయన జొన్నచేలో మంచె మీద పిట్టలు తోలుతున్నాడు. అమ్మ బావి దగ్గర ఉంది. జేజి కొట్టం వెనక వేరుశనగ బుడ్డలు ఒలుస్తోంది. మంట అక్కే వేసింది. నా పావడ అంచు రెండు కాళ్ల మధ్య నుంచి తీసి వెనక గట్టిగా దోపి, "ఇప్పుడు దూకు" అంది. నేను మూడుసార్లు దూకాను. ఆమె నిలబడి చూస్తోంది.

"నువ్వు దూకవా?"

"నేను దూకను."

"భయమా నీకు?"

నేను చప్పట్లు కొడుతూ, "భయం, భయం, అక్కకు భయం" అని మంట చుట్టూ తిరిగాను. అక్క కొట్టం వైపు ఒకసారి చూసింది. పావడ ఎగ్గట్టకుండానే, చేత్తో కాస్త పట్టుకుని దూకింది. మంటకు ఆ పక్క బాగానే దిగింది. నవ్వింది కూడా. వెనక అంచు అంటుకున్నట్టు ఆమెకు తెలియలేదు, నాకు కనపడింది. చెప్పేలోపల గాలి వచ్చింది.

అక్క పరుగెత్తింది. పరుగెత్తకూడదని మాకు ఎవరు చెప్పారు? కోళ్లు ఎప్పటిలాగే కొంతదూరం ఆమె వెంట ఉరికి, అరుస్తూ చెదిరిపోయాయి. అమ్మ బావి దగ్గర నుంచి తడి గోనెసంచితో ఎదురొచ్చి, ఆమెను నేల మీద పడేసి పైన పడింది. అమ్మ చేతులు కూడా బొబ్బలెక్కాయి. ఆ సంగతి రెండు రోజుల దాకా ఎవరూ గమనించలేదు.

కుడికాలు పిక్క నుంచి తొడ వెనక దాకా కాలింది. కాలిన చోట కోడిగుడ్డు తెల్లసొన పూయాలని జేజి అంది. మా కొట్టానికి తెలిసిన వైద్యం అదే. గుడ్లు వెతికే పని నాకు పడింది. చలికాలం పెట్టలు సరిగా పెట్టవు. గూట్లో, చొప్పలో, ఎద్దులకు మేత వేసే గాటిపాట కింద వెతికితే రెండు దొరికేవి. పక్క చేను సాయిబుల అవ్వ ప్రతి పొద్దున కొంగులో నాలుగు తెచ్చి, లోపలికి రాకుండా గడప మీద పెట్టేది. "బిడ్డ ఎట్లుండాది?" అని అడిగి, జవాబు రాకముందే కళ్లు తుడుచుకుని పోయేది.

ఆరో రోజు ఆమె రాలేదు, మా ఇంట్లో గుడ్డు లేదు. నల్లపెట్ట గంప కింద గుడ్లు పొదుగుతోంది. జేజి దాన్ని లేపి ఒక గుడ్డు తెచ్చి చిప్ప అంచుకు కొట్టింది. తెల్లసొన రాలేదు. తడి ఈకలతో, మూసిన కళ్లతో ఒక ముద్ద జారింది. అది ఇంకా కదులుతోంది. జేజి చిప్ప మీద చెయ్యి కప్పి బయటికి పోయింది. శానాసేపటికి గానీ తిరిగి రాలేదు.

ఈగలు వాలకుండా వేపకొమ్మ ఊపడం నా రెండో పని. పుండు మీద కప్పిన గుడ్డ ఎండిన సొనకు అంటుకుంటే, దాన్ని తీసేటప్పుడు అక్క అరుపు మంచె దాకా వినపడేదని నాయన అన్నాడు. కాలు చాపితే ఓర్చుకోలేకపోయేది. మోకాలు మడిస్తే కాస్త నిమ్మళం. అందుకని అమ్మ గోనెసంచి మడతపెట్టి మోకాలి కింద దిండులా ఉంచింది.

ఒకరోజు సొన పూస్తూ జేజి ఏడుపు ఆపుకోలేక అడిగింది. "ఎందుకు దూకితివే తల్లీ? దూకినా పావడ ఎగ్గట్టుకోవద్దా?"

అక్క కోపంగా కాదు, అడిగినదానికి చెప్పినట్టు చెప్పింది. "నువ్వేగదా జేజీ వద్దంటివి."

జేజి చిప్ప కింద పెట్టి లేచింది. అమ్మ వచ్చి మిగిలింది పూసింది. ఆ తర్వాత జేజి ఎవరికీ ఏ బుద్ధీ చెప్పగా నేను వినలేదు. నా పావడ మోకాళ్ల పైకి ఉన్నా చూసి ఊరుకునేది.

వాళ్లిద్దరూ లేనప్పుడు నేను అక్క చెవి దగ్గర నోరు పెట్టి అన్నాను. "నేను భయమా అని అనకుంటే నువ్వు దూకవు."

అక్క కళ్లు తెరవకుండా అంది. "నాకూ దూకాలనే ఉన్నింది."

పన్నెండో రోజుకు చీము పట్టింది, ఒళ్లు కాలిపోతోంది. నాయన బండిలో గడ్డి పరిచి డోన్ తీసుకుపోయి, అక్కడ నుంచి రైల్లో కర్నూలు ఆస్పత్రికి చేర్చాడు. రెండు నెలలు అక్కడే. బతుకుతుందని డాక్టరు చెప్పాడట, కానీ మోకాలు మడిచినట్టే అతుక్కుపోయిందని, చాపి కట్టి ఉంటే ఇట్లా అయ్యేది కాదని కూడా చెప్పాడట. నాయన తిరిగొచ్చి ఈ మాట చెప్పినప్పుడు అమ్మ, "నొప్పికి తాళలేదని నేనే గదా దిండు పెట్టింది" అంది. ఒక్కసారే అంది. తర్వాత పోయి ఎద్దులకు నీళ్లు పెట్టింది.

అక్క ఉగాది దాటాక వచ్చింది. ఆమె ఆనుకుని నడవడానికి నాయన తంగేడు కాదని, గట్టి తుమ్మకర్ర చెక్కి పెట్టాడు. ఆమె లేనప్పుడు పెట్టల్ని నేనే చూశాను. వచ్చేసరికి నాలుగే మిగిలాయి. రెండింటిని నక్క ఎత్తుకుపోయింది, మూడు తెగులుతో పోయాయి. అక్క గూటి దగ్గర కర్ర మీద ఆనుకుని లెక్క చూసుకుంది. నన్ను ఏమీ అనలేదు. అవి ఆమె వెంట నడిచాయి గానీ, ఆమె నడకకు వాటికి సహనం లేక ముందుకు ఉరికి, ఆగి, మళ్లీ ఉరికేవి.

మరుసటి చలికాలం మా కొట్టం ముందు ఎవరూ మంట వేయలేదు. దుప్పటి కప్పుకుని పొద్దెక్కేదాకా కూచునేవాళ్లం. కందికట్టె అంతా నాయన దూరంగా గట్టు మీద వేసి వచ్చాడు. వానకు కుళ్లిపోయింది.

అక్కకు పద్దెనిమిది వచ్చాక రాజంపేట పక్క నుంచి, భార్య చనిపోయి ఇద్దరు పిల్లలున్న మనిషి వచ్చి పెళ్లికి అడిగాడు. కాలు సంగతి తెలిసే అడిగాడు. నాయన అక్కను అడిగితే, "పోతా" అంది. పెళ్లయి పోయేనాడు బస్సు దాకా బండిలో పోయాం. మెట్టు ఎత్తుగా ఉంది. నాయన చెయ్యి అందించబోతే వద్దంది. కర్ర ముందు లోపలికి వేసింది, రెండు చేతులతో కమ్మీ పట్టుకుంది, మంచి కాలు పైన పెట్టి, రెండోదాన్ని ఈడ్చుకుంది. బస్సులో వాళ్లంతా చూస్తున్నారు. ఆమె కిటికీ పక్కన కూచుని, అప్పట్లో పావడ దించుకున్నట్టే, చీర కుచ్చెళ్లు మడమల దాకా దించుకుంది.