మొక్కు తీర్చుకున్న మొక్క

మా పక్కింటి బాబాయిగారు పోయిన గురువారం వెళ్ళిపోయారు. పొద్దున్నే పూజకు పూలు కోస్తుంటే పిన్నిగారు గోడ దగ్గరకొచ్చి, "మీ బాబాయి నిద్ర లేవలేదమ్మా" అన్నారు. ఎవరినీ ఇబ్బంది పెట్టని మనిషి. ఆఖరికి కూడా పెట్టలేదు.

బాపట్లలో ముప్ఫయ్యేళ్ళు రక్తపరీక్షలు చేసి, రిటైరయ్యాక తెనాలిలో మా పక్కన ఇల్లు కట్టుకున్నారు. ఆ తరువాత ఆయన భూతద్దం కిందకు వచ్చినవన్నీ ఆకులే.

మా ఆఖరి చెల్లెలు మొదటి జీతంతో ఒక సక్యూలెంట్ మొక్క కొనుక్కుంది. చిన్న కుండీలో తామరపువ్వులా విచ్చుకున్న దళసరి ఆకులు. రేపల్లెకు బదిలీ అయినప్పుడు, "ఇల్లు కుదిరేదాకా చూస్తుండక్కా" అని నాకు అప్పగించింది. అమ్మ లేని పిల్ల నమ్మి ఇచ్చిన మొక్క. రెండు నెలలకే ఆకుల మీద నల్లమచ్చలు లేచాయి. ఆదివారం తను వస్తానంది. కుండీ పట్టుకుని బాబాయిగారి దగ్గరకు పరిగెత్తాను.

ఆయన పెన్నుతో ఒక్కో మచ్చ చుట్టూ గీత గీశారు. "రెండ్రోజులు చూద్దాం. గీత లోపలే ఉంటే ఎండదెబ్బ, దాని మానాన వదిలెయ్యి. దాటితే తెగులు."

దాటింది.

"నీళ్ళెప్పుడు పోస్తున్నావు పెద్దమ్మాయ్?"

"రోజూ పొద్దున్నేనండి. అభిషేకం చేసిన నీళ్ళే."

"పాలు కూడానా?"

"అవునండి."

"శివుడికి పడతాయి. దీనికి పడవు." ఆకుల నడుమ నిలిచిన తడే తెగులు తెచ్చిందట. "మట్టి ఎండాకే పొయ్యి. అదీ మొదలు దగ్గరే, ఆకు తడవకుండా."

బ్లేడును స్పిరిట్‌తో తుడిచి, మచ్చలున్న ఆకులన్నీ కోసేశారు. గాయాల మీద దాల్చినచెక్క పొడి అద్దారు.

"పలావు వండుతున్నారా బాబాయిగారూ?"

"వండినా నీకేం లాభం, శనివారం ఉపవాసమేగా."

అయిదాకులు మిగిలాయి. మర్నాడు చెల్లెలు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకోబోయింది. "ఏంటక్కా, గుండు కొట్టించావా?"

గోడ అవతలి నుంచి బాబాయిగారు అన్నారు: "మొక్కు తీర్చుకుందిలేమ్మా. మళ్ళీ వస్తుంది."

చెల్లెలు నవ్వేసి, కుండీ తనతో రేపల్లె తీసుకెళ్ళింది. అభిషేకం సంగతి ఆయన దానికెప్పుడూ చెప్పలేదు. ఇది చదివితే ఇప్పుడు తెలుస్తుంది.

నిన్న పిన్నిగారిని చూడటానికి చెల్లెలు చేతుల్లో కుండీతో బస్సు దిగింది. మొక్క తొలిసారి పూలకాడ వేసింది. కుదుపులకు విరగకుండా రేపల్లె నుంచి తెనాలి దాకా ఒళ్ళో కుండీకి దోసిలి అడ్డం పెట్టుకుని కూర్చుందట. పిన్నిగారు కుండీ అందుకుని అరుగు మీద, ఎండ తగిలేచోట పెట్టారు. నారింజరంగు మొగ్గలు మెడలు వంచుకుని ఉన్నాయి. కుండీ ఇచ్చేశాక కూడా చెల్లెలి చేతులు కాసేపు దోసిలిగానే ఉన్నాయి.