బంపరు మీద పసుపైన కుంకుమ

ఈ రోజు పొద్దున మా పక్కింటి వెంకట్రావుగారి కొత్త లారీ చిలకలూరిపేట నుంచి మొదటి లోడుకు బయలుదేరాలి. దిష్టి తగలకూడదని ఆయన భార్య కోటేశ్వరమ్మ నిమ్మచెక్కలకు కుంకుమ అద్ది బంపరు మీద పెట్టింది. కొబ్బరికాయ కొట్టి చూసేసరికి ఎర్రటి కుంకుమ కాస్తా పసుపుపచ్చగా మారిపోయింది.

"అపశకునం! నేను బండి తియ్యను. ఏం కుంకుమే అది?" అని వెంకట్రావుగారు వీధంతా వినపడేలా అరిచారు.

"నేనే చేశానండీ, పసుపులో సున్నం కలిపి" అంటూ ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది.

కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని, ఊరుకుంటానా? ఆయన కిళ్లీ సున్నం తీసుకుని ఆ పసుపు మీద రాశాను. మళ్లీ ఎర్రబడింది. సున్నం క్షారం, అది తగిలితే పసుపు ఎర్రబడుతుంది. నిమ్మరసం ఆమ్లం, అది సున్నాన్ని లవణంగా మార్చేస్తే పసుపుకు తన రంగు తిరిగొస్తుంది.

"ఉత్త రంగుపొడి అయితే ఎర్రగానే ఉండేదండీ. మీ ఆవిడది అసలైన పసుపుతో చేసిన కుంకుమ" అని గట్టిగా చెప్పాను.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!" అని మళ్లీ భార్యనే కసిరి లారీ ఎక్కారాయన.

నేను అదే ఊపులో ఇంటికొచ్చి నా కుంకుమలో నిమ్మరసం పిండాను. సాయంత్రమైంది, ఇంకా ఎర్రగానే ఉంది. మీరూ మీ ఇంట్లో ఓ చుక్క పిండి చూసి చెప్పండి. నేను మాత్రం ఖాళీ భరిణె పట్టుకుని కోటేశ్వరమ్మ దగ్గరికి వెళ్తున్నాను.