అంజమ్మ ఊరుకున్న ఏడాదిన్నర

ప్రణాలి పుట్టింది కామాటిపురా పదకొండో గల్లీలో. ముత్తాత మహబూబ్‌నగర్ నుంచి రాళ్లు మోయడానికి వచ్చినవాడు. తండ్రి బాలనర్సయ్య ఇళ్లకు రంగులు వేస్తాడు. ఆమె మాత్రం చదువుకుని స్పీచ్ థెరపిస్టు అయింది. మాట ఆలస్యమైన పిల్లలకు మాట తెప్పించడం ఆమె పని. కాలేజీలో మొదటి ఏడు ఆమె మాట్లాడే మరాఠీ విని వెనక బెంచీల్లో నవ్వేవాళ్లు. రెండేళ్లపాటు అద్దం ముందు నిలబడి యాస సరిచేసుకుంది. ఇల్లెక్కడంటే కామాటిపురా పేరు దాచి, దగ్గరి స్టేషను గ్రాంట్ రోడ్ పేరు చెప్పడం అప్పుడే అలవాటైంది. తండ్రి తెలుగులో పలకరిస్తే మరాఠీలో జవాబివ్వడం కూడా.

నాగ్‌పాడాలో ఆమె పనిచేసే క్లినిక్కుకు శిరీష అనే ఆవిడ తన మూడేళ్ల కొడుకు రితేశ్‌ను తీసుకొచ్చింది. వెంట అత్త అంజమ్మ. మొగుడూ పెళ్లాలిద్దరూ బిల్డింగ్ పనికి పోతారు. పిల్లాణ్ణి చూసుకోవడానికే అంజమ్మ ఊరి నుంచి వచ్చింది. వాడికి పట్టుమని పది మాటలు రావు. వచ్చినవి తెలుగు మాటలే. గ్లాసు చూపిస్తే "నీల్లు" అన్నాడు.

ప్రణాలికి అర్థమైంది. కానీ పక్క బల్ల దగ్గర తనతో పనిచేసే మేఘా కూర్చుని ఉంది. ఆమె వింటుండగా తెలుగు నోట రాలేదు. "అంటే ఏమిటి?" అని శిరీషను హిందీలో అడిగింది.

తర్వాత, "ఇంట్లో రెండు భాషలుంటే పిల్లాడు తికమక పడతాడు. ఇకనుంచి హిందీ ఒక్కటే మాట్లాడండి" అని చెప్పింది. కాలేజీలో ఎవరో పాత మాస్టారు అన్న మాట అది. నిజమో కాదో ఆమె ఎన్నడూ విచారించలేదు.

శిరీష ఆ మాట తెలుగులో చెప్పగానే, "నాకు హిందీ రాదు గద బిడ్డా" అంది అంజమ్మ, సూటిగా ప్రణాలి మొహంలోకి చూస్తూ.

ప్రణాలి శిరీష వైపు తిరిగి, "రాకపోతే పిల్లాడి ముందు మాట్లాడొద్దని చెప్పండి" అంది, హిందీలోనే.

చిన్నపిల్లల బడి బాల్వాడీలో చేరిన ఆరు నెలలకు రితేశ్‌కు హిందీ వచ్చేసింది. శిరీష పేడాలు తెచ్చిపెట్టి వెళ్లింది.

మరో ఏడాదికి ప్రణాలి, మేఘా ఒక శిక్షణ తరగతికి వెళ్లారు. అక్కడ పాఠం చెప్పినామె, రెండు భాషలు వింటే మాట ఆలస్యమవుతుందనడానికి ఆధారం లేదంది. ఇంటి భాష ఆపిస్తే, పిల్లలతో రోజంతా మాట్లాడే మనిషినే వాళ్లకు దూరం చేసినట్టంది. "మీలో ఎవరైనా అలా ఆపించారా?" అని అడిగింది. నాలుగు చేతులు లేచాయి. ప్రణాలి చేయి ఒళ్లోనే ఉండిపోయింది. మేఘా ఆమె వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకుంది.

ఆ ఆదివారం ప్రణాలి ఫైల్లో చిరునామా చూసుకుని బయలుదేరింది. తన తండ్రి ఇంటికి ఒక్క గల్లీ అవతలే. అంజమ్మ గదిలో లేదు. వరస గదుల చాల్ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది.

శిరీష సంబరంగా చాయ్ పెట్టి, హిందీలో చెప్పుకొచ్చింది. "మీరు చెప్పినట్టే చేసినం మేడం. పోరడున్నంత సేపు మా అత్త నోరు తెరవదు. ముందల ముందల వాడు కొంగు పట్టి గుంజి ఏడుస్తుండె. ఇప్పుడు దగ్గరికే పోడు."

ప్రణాలి చాయ్ గ్లాసు కింద పెట్టింది. లేచి వరండాలోకి వచ్చి అంజమ్మ ఎదురుగా కింద కూర్చుంది. ఎన్నేళ్లకో తెలుగు నోటికొచ్చింది.

"అవ్వా, తప్పు నాది. నువ్వు మాట్లాడినా పోరనికి ఏం గాకపోవు. నేనే తెలవక చెప్పిన."

అంజమ్మ తలెత్తింది. "నీకు తెలుగొస్తదా?"

"వస్తది."

"ఆ దినం గూడ వస్తుండెనా?"

అబద్ధం చెప్పడానికి చోటు లేదు. "వస్తుండె" అంది ప్రణాలి, నేల చూస్తూ.

"ఎవరి బిడ్డవు?"

"పెయింటింగ్ పని చేసే బాలనర్సయ్య బిడ్డను."

"మంచి మనిషి. నేను కొత్తగ వచ్చి గల్లీ తప్పిపోతే ఇంటి దాక తోల్కొచ్చిండు" అంది అంజమ్మ. తిట్టినా బాగుండేదనిపించింది ప్రణాలికి.

గుమ్మంలో నిలబడి విన్న శిరీష మొహం మాడిపోయింది. "మా అత్త దినమంత ఒక్క గదిల పోరనితోని ఉండుకుంట మాట్లాడకుంట ఎట్లుండెనో మీకెరుకనా మేడం?" అని లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ బయటికి రాలేదు.

అంజమ్మ మనవణ్ణి పిలిచింది. "రితేశూ, ఇటు రా." వాడికి పేరొక్కటే అర్థమైంది. తల్లి కోసం లోపలికి చూశాడు.

క్లినిక్కుకు అవ్వను, మనవణ్ణి ఇద్దరినీ రమ్మని ప్రణాలి చెప్పి వచ్చింది. మొదటి వారం రాలేదు. రెండో వారం శిరీష లేకుండా అంజమ్మే వాణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. మేఘా ఎదుటే ప్రణాలి తెలుగులో మాట్లాడింది. వానాకాలం వెళ్లేసరికి వాడికి అవ్వ మాటలు చాలావరకు అర్థమయ్యాయి. జవాబు మాత్రం హిందీలోనే ఇస్తాడు. అంతవరకే తిరిగొచ్చింది.

ప్రణాలి పాత ఫైళ్లన్నీ వెతికి, అదే సలహా ఇచ్చిన మరో పదకొండు ఇళ్ల నంబర్లు తీసి, అది తప్పని చెప్పడానికి ఫోన్లు చేసింది. కొన్ని కలవలేదు. కొందరు పోనివ్వండి అన్నారు. ధారావిలో ఒకామె, "మా ఇంట్ల పోరనితోని తెలుగు మాట్లాడేది మా మామ మొగులయ్య ఒక్కడే మేడం. పోయినేడు పోయిండు" అంది. ఫోన్ ఎందుకు చేసిందో ప్రణాలికి చెప్పడం చేతకాలేదు. పిల్లవాడు ఎట్లున్నాడని మాత్రం అడిగి ఫోన్ పెట్టేసింది.