పాటు వేళ బడి

కొత్త కాలువలు తవ్వుతున్న ఆ రోజుల్లో మామిడికుదురు చుట్టుపక్కల రేవుల్లో సత్యవేణి నవ్వు ఎరగనివాళ్లు లేరు. పడవ మలుపు తిరక్కముందే ఆ నవ్వు ఒడ్డుకు వచ్చేసేది. మొగుడు పోలయ్య కొబ్బరికాయలు నింపుకుని ఎగువ సంతలకు పడవ నడిపేవాడు. అత్త సూరమ్మ, కొడుకు కొండబాబు, కూతురు ముత్యాలు, పొయ్యి, కుండలు, ఒక కోడిపెట్ట, సంసారమంతా ఆ పడవలోనే.

కొండబాబు కాస్త ఎదిగేసరికి చుట్టాలు ఒకటే పోరు పెట్టారు. నీళ్లమీద తిరిగితే పిల్లాడు మొద్దులా తయారవుతాడు, ఊళ్లో వదిలేస్తే వీధి బడికి పంపుతామన్నారు. సరేనని మేనత్త ఇంట్లో దింపారు. పడవ రేవు దాటిందో లేదో, వాడు గట్టు వెంబడి పరుగెత్తుకొచ్చి ఏట్లో దూకాడు. పోలయ్య పడవ తోసే గెడ అందిస్తే పట్టుకుని పైకొచ్చి, నీళ్లోడుతూ నిలబడి, ఆకలేస్తోందన్నాడు. సత్యవేణి తిట్టబోయి నవ్వింది. నవ్వాపుకోలేక పడవ అంచు పట్టుకుని కూలబడింది. ఆ నవ్వు మధ్యలోనే ఆమెకు ఆలోచన తట్టింది.

"పిల్లణ్ణి బడికి పంపలేకపోతే, బడినే పడవెక్కిద్దాం మావా," అంది.

"పంతులుగారు పడవెక్కుతారేటి?" అన్నాడు పోలయ్య.

"నేనున్నాను కదా."

నిజమే, ఆమెకు అక్షరాలు వచ్చు. వాళ్ల నాన్న దాటింపు పడవ నడిపేవాడు. రోజూ ఏరు దాటే ముసలి పంతులొకాయన, పడవ నిండేదాకా ఊరికే కూర్చోలేక, రేవులోని తడి ఇసుకమీద ఆమె చేత అ ఆలు దిద్దించాడు. ఆయనకు అది కాలక్షేపం, ఆమెకు మాత్రం పిచ్చి పట్టినంత సరదా.

ఆ పూట అన్నాలు తింటూ, పిల్లలు ఎలాంటివాళ్లు కావాలో ముందు తేల్చుకుందామని సత్యవేణి అడిగింది. నీళ్లంటే భయపడకూడదు, అబద్ధమాడకూడదు అన్నాడు పోలయ్య. పెద్దవాళ్ల దగ్గర అండీ అనకుండా నోరు విప్పకూడదు, పొయ్యిమీద ఏముంటే అది పక్క పడవవాళ్లకీ పెట్టాలి అంది సూరమ్మ. కొడుకెంత చదివితే కూతురూ అంత చదవాలి, ఎంత పనున్నా అందరూ ఒక్కచోట కూర్చుని తినాలి అంది సత్యవేణి. ఆడపిల్లకు చదువెందుకని సూరమ్మ మూతి ముడిచింది.

"నాకు చదువొచ్చినందుకు నీ కొడుకేమన్నా చిక్కిపోయాడా అత్తా?"

సూరమ్మ కొడుకు పొట్టవైపు చూసి, మనవరాలి కంచంలో ఇంకో ముద్ద పెట్టింది.

మర్నాడే బడి మొదలైంది. సముద్రపు పోటు ఏట్లోకి ఎక్కితే పడవ ఎగువకు సాగుతుంది. అప్పుడు గెడ వెయ్యడం, తెరచాప ఎత్తడం, ఈత, అన్నీ పోలయ్య పాఠాలు. పాటు తీసి నీళ్లు వెనక్కి జారుతుంటే పడవను గట్టుకు కట్టేస్తారు. అప్పుడు అక్షరాలు దిద్దించే సత్యవేణి ఇసుక పళ్లెం బయటికి వస్తుంది. దిగువకు వచ్చేటప్పుడు ఇదంతా తలకిందులు. ఒకనాడు తెల్లవారుతుంటే బడి, ఒకనాడు మిట్టమధ్యాహ్నం. ఏ వేళకు ఏముంటుందో తెలియక పిల్లలు పొద్దస్తమానూ గెంతుతూనే ఉండేవాళ్లు. కోడిపెట్ట పళ్లెంలోకి దిగి గుణింతమంతా కెలికేస్తే, దానిచేత గుంజీలు తీయిస్తానని వెంటపడి ముత్యాలు ఏట్లో పడింది. ఎలాగూ పడింది కదా అని పోలయ్య ఆ పూట ఈత పాఠం చెప్పేశాడు.

ఒకసారి పోలయ్య తమ్ముడి వరసైన త్రిమూర్తులు పడవలో వచ్చాడు. తనంత పాటగాడు కోనసీమలోనే లేడని ఆయన నమ్మకం. పులుసన్నం తిని, గొంతు సవరించుకుని, కొంగలన్నీ లేచిపోయేలా పాడి, ఎలా ఉందిరా అని కొండబాబును అడిగాడు.

"బాగోలేదు బాబాయ్," అన్నాడు వాడు.

సూరమ్మ మనవడి నెత్తిన మొట్టింది. నిజం చెప్పమని నేర్పి మొడితే ఎలా అని పోలయ్య అడ్డుపడ్డాడు. మర్యాద లేని నిజం నాకక్కర్లేదని ఆవిడ. తల్లీకొడుకులు వాదులాడుకుంటుంటే కొండబాబు తల తడుముకుంటూ ఆలోచించి, లేచి చేతులు కట్టుకున్నాడు.

"బాగోలేదండీ."

ముందు నవ్వింది త్రిమూర్తులే. "ఆయ్, నాకూ అలాగే అనిపించిందండీ," అని వాడికే దణ్ణం పెట్టాడు. పడవంతా నవ్వుతో ఊగి, ఒడ్డునున్న చాకళ్లు బట్టలు వదిలేసి చూశారు.

ఆ ఊపులోనే ముత్యాలు ఇసుకమీద సూరమ్మ అని రాసి చూపించింది. ఆవిడ అటు తిరిగి, ఇటు తిరిగి, వంగి చూసుకుంది.

"ఇంత అందంగా ఉన్నానేటే నేను?"

అప్పట్నుంచి పళ్లెం దగ్గర మొదట కూర్చునేది సూరమ్మే. కోడిపెట్టను కాయడమూ ఆవిడ పనే.

కొత్త కాలువలోకి నీళ్లు వదిలిన ఉదయం పడవలన్నీ దాని మూతి దగ్గర బారులు తీరాయి. పేరు లేని పడవను లోపలికి రానివ్వరట అని అంజిబాబు అనే కుర్ర పడవవాడు ఒక మాట వదిలాడు. అందరూ హడలిపోయారు. రాయడం వచ్చింది సత్యవేణి పడవలోని వాళ్లకే. ఆమె సున్నం కలిపి, కొబ్బరి పీచుతో కుంచెలు కట్టింది. ఇద్దరు పిల్లలూ ఆ పడవ మీంచి ఈ పడవ మీదికి గెంతుతూ తారు పూసిన చెక్కలమీద తెల్లగా పేర్లు రాశారు. ఒకడు దేవుడి పేరడిగాడు, ఒకడు తన గేదె పేరడిగాడు. మీసాలవాడొకడు సిగ్గుపడుతూ ముత్యాలు చెవిలో పెళ్లాం పేరు ఊదాడు. సూరమ్మ మాత్రం ఎవర్నీ రానివ్వక, నాలుక బయటపెట్టి, తమ పడవకు తన పేరు తనే రాసుకుంది. మ కింద వత్తు పట్టక పక్క పలక మీదికి పోయింది.

అప్పుడు అంజిబాబు నెమ్మదిగా, తనకెవరూ చెప్పలేదని, ఊరికే అన్నానని బయటపెట్టాడు. కోప్పడే తీరిక ఎవరికుంది? డప్పులు మోగుతున్నాయి. సత్యవేణి అన్నిటికన్నా ముందు వెళ్లిన తమ పడవ కొసన నిలబడి, లోపలికి వచ్చే ఒక్కో పడవ పేరూ చదివి అరిచింది. గేదె పేరు దగ్గర గొంతు పోయింది. మిగతా పేర్లన్నీ సూరమ్మ చదివింది, కూడబలుక్కుంటూ. ఒక్కో పేరుకీ గట్లమీద జనం ఈలలు వేశారు.

పక్క పడవలోంచి లోవమ్మ తన కూతుర్ని చంకనెత్తుకుని వచ్చింది. "దీన్ని కూడా పళ్లెం దగ్గర కూర్చోబెట్టుకుంటావా వదినా?" అని అడిగింది. గొంతు పోయిన సత్యవేణి రెండు చేతులూ చాచింది.