గొంగడి అంచున ముళ్లు

నేను పశువుల డాక్టర్‌ని. నెల్లికుదురు బస్సులో కూర్చుని, గొర్రెల్లో వంశపారంపర్యంగా వచ్చే లోపాల జాబితా రాసుకుంటున్నాను. పక్కనున్న ముసలి గొర్రెల కాపరి "ఏంది బిడ్డా రాస్తున్నవ్?" అన్నాడు. చెప్పాను. తన గొంగడి అంచు తీసి నా ఒళ్లో పరిచాడు.

"ఒక్కో పొట్టేలుకు ఒక్కో పోగు. దానికి కింది దవడ పొట్టిగున్న పిల్ల పుడితే ముడేస్త."

ఒక పోగుకు మూడు ముళ్లున్నాయి.

"గిదేంది తాతా?"

"మందల గదే అందగాడు. మూడో ముడి పడంగనే వట్టలు కొట్టించిన. ఊళ్లె మందలన్నిటికి గా లోపం పాకనిస్తనా?" అని మీసం దువ్వాడు.

పేరు అడిగేలోపే దిగిపోయాడు. నా జాబితాలో ఆ లోపాన్ని గుర్తించినవారి పేరు దగ్గర 'గొంగడి తాత' అని రాశాను. పై అధికారి కొట్టెయ్యమన్నాడు. నేను కొట్టెయ్యలేదు.