మజహర్ సారు టేపు

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో మజహర్ సారు ఎదురుపడితే నిలబడకూడదు. నిలబడ్డవాళ్లను ఆయన కొలుస్తాడు. నమస్తే పెట్టిన చేయి దించేలోపే నడుముకున్న ఇనుప టేపు సర్రున బయటికొస్తుంది. మోచేయి నుంచి మణికట్టు దాకా ఎంతో జేబులోని చిన్న నోటుబుక్కులోకి ఎక్కుతుంది. హోటల్లో బల్ల ఎత్తు, బస్సు మొదటి మెట్టు, మంగలి కుర్చీ, పెళ్లిలో విస్తరాకు, ఏదీ ఆయన వదలడు. ఊరు మొత్తంలో ఆయన కొలవనిది పక్కింటి ఖుర్షీద్ బేగం నాలుక ఒక్కటేనని, దానికి ఆయన టేపు చాలదని జనం చెప్పుకునేవాళ్లు.

మేస్త్రీ అబ్రాహాము పోయినప్పుడు సారు ఏకంగా పూడ్చడానికి తవ్విన బొందలోకి దిగాడు. చుట్టూ ఆడవాళ్లు ఏడుస్తుంటే లోపల వంగి ఈ మూల నుంచి ఆ మూలకు టేపు లాగాడు.

"నూరు మిల్లీమీటర్లు తక్కువున్నది" అన్నాడు పైకి చూసి.

"మనిషి పోయి మేమేడుస్తుంటే ఏం కొలతలయ్యా ఇవి" అని అబ్రాహాము తమ్ముడు రెక్క పట్టి పైకి గుంజాడు. పాస్టరు ప్రార్థన మొదలుపెట్టాడు. పెట్టె దించితే తల దిక్కు మట్టికి ఆనుకుని ఆగిపోయింది. అది తాళ్ల మీద వేలాడుతూ ఉండగా ఇద్దరు గడ్డపారలు పట్టుకుని పక్కనుంచి తవ్వారు. ఎంత తవ్వారో మజహర్ సారు కొలుచుకున్నాడు.

ఇటువంటాయన దగ్గర, తొంభై ఏడు ఎండాకాలం సెలవుల్లో, లిదియా కంప్యూటర్ మీద డ్రాయింగులు గీసే క్యాడ్ నేర్చుకోవడానికి చేరింది. ఎల్లారెడ్డి పిల్ల. మెకానికల్ డిప్లొమా చివరి ఏడాదిలో ఉంది. సారు సౌదీలో, దమ్మాములో పదకొండేళ్లు డ్రాయింగ్ ఆఫీసులో పనిచేసి వచ్చి, చెప్పుల దుకాణం పైన రెండు కంప్యూటర్లు పెట్టాడు. నేర్చుకునే పిల్లలు ఆరుగురు. కరెంటు ఉన్నంతసేపు క్లాసు, పోతే సారు వాళ్లను కొలిచేవాడు.

లిదియాకు ఆ క్యాడ్ సర్టిఫికెట్ ఎందుకు కావాలో ఇంట్లో ఎవరూ పైకి అనరు. ఆమె తండ్రి స్వామిదాసు మార్కెట్ యార్డులో హమాలీ. ఫిబ్రవరిలో ఎత్తుగా పేర్చిన వడ్ల బస్తాల లాటు కూలి మీద పడితే కుడికాలు తొడ దాకా తీసేశారు. మిగిలిన ఎడమకాలికి మోకాలు వంగదు. గొంతుకూర్చోలేడు. తల్లి మరియ ఒక రెక్క, లిదియా ఒక రెక్క పట్టి ఇంటి వెనక తడికల చాటుకు మోసుకెళ్లి, పని అయ్యేదాకా పట్టుకుని నిలబడాలి. కూతురు మొహం పక్కకు తిప్పుకునేది. తండ్రి కళ్లు మూసుకునేవాడు.

దీనికి స్వామిదాసు ఒక ఉపాయం కనిపెట్టాడు. తినకపోతే వెళ్లే పని ఉండదు. మొదట పూటకు పిడికెడు అన్నం, తర్వాత రోజుకు పిడికెడు. "కడుపు నిండింది" అని కంచం జరిపేవాడు. డాక్టరు గాయం విప్పి చూసి, "ఇది మానింది. ఈయన మాత్రం ఇట్లనే ఉంటే వానాకాలం చూడడు" అని మరియతో చెప్పాడు. లిదియాకు ఒకటే ఆశ. హైదరాబాదులో ఉద్యోగం దొరికితే కుర్చీలా కూర్చునే మరుగుదొడ్డి ఉన్న గది తీసుకుని తండ్రిని అక్కడికి తీసుకెళ్లాలి. ఉద్యోగం రావాలంటే షాఫ్టులు, గేర్లు గీయడం రావాలి.

సారు షాఫ్టులు గీయించలేదు. ముందు వారం రోజులు ఉత్త గీతలే. "ఈడ పెన్సిల్ లేదు. గీత గావాల్నంటే అడగాలె. ఈ జాగ నుంచి ఆ జాగకు, ఇంత పొడుగు అని. తప్పు అంకె చెప్పినవా, కంప్యూటర్ ఆ తప్పునే నీటుగ గీసి పెడతది. దానికి మన మీద దయ లేదు" అనేవాడు. కాగితం మీద లాగా పెద్ద వస్తువును చిన్నగా చేసి గీయక్కర్లేదని, ఆరడుగుల గోడ ఆరడుగులుగానే లోపలికి పోతుందని చెప్పినప్పుడు ఎవరూ నమ్మలేదు. ఆ చిన్న తెరలో అంత గోడ ఎక్కడ పడుతుందని క్లాసులోని సలీము కంప్యూటర్ వెనక్కి వెళ్లి చూశాడు. సారు అతని మెడ కొలిచాడు.

తండ్రి బాగా నీరసించడంతో లిదియా రెండు రోజులు క్లాసుకు రాలేదు. మూడో రోజు ఆదివారం. సారే ఎల్లారెడ్డిలో బస్సు దిగి, ఇల్లు అడుక్కుంటూ వచ్చాడు. చాయ తాగుతూనే టేపు తీశాడు. దర్వాజ వెడల్పు, గడప ఎత్తు, మరియ పొయ్యి, నీళ్ల బిందె, మంచం. గుంజకు కట్టిన మేక మెడ చుట్టూ టేపు వేస్తే అది చివర కొరికింది. లిదియాకు తలకొట్టేసినట్టయింది. ఆఖరుకు సారు మంచం దగ్గరికి వెళ్లాడు.

"స్వామిదాసన్నా, మేక కొలత ఇచ్చింది, నువ్వు గూడ ఇస్తవా?"

"ఏందిది సారూ, పెట్టెకా?" అన్నాడు స్వామిదాసు.

"పెట్టెకయితే నిలువు కొలిస్తే చాలు. నీది అడ్డం గూడ కొలుస్తున్న. జర ఆ చెయ్యి మంచం మీద ఒత్తు. గట్టిగ. అటు చెయ్యి?"

భుజం, నడుము, కూర్చుంటే మోచేయి ఎత్తు, ఏ చేతి మీద ఎంత ఆనగలడు, అన్నీ రాసుకుని సారు బస్సెక్కాడు.

"పిచ్చోడా ఏంది మీ సారు?" అంది మరియ.

"అందర్నీ గిట్లనే కొలుస్తడమ్మా" అంది లిదియా. అవమానంతో సారు తాగిన చాయ గ్లాసు తీసుకుని కడగడానికి పోయింది.

మర్నాడు క్లాసులో పని పంచాడు. సలీముకు నడుమ గుడ్డు ఆకారంలో రంధ్రం ఉన్న పలక. లిదియాకు రెండు చేతి కమ్మీలు, వాటి కింది కాళ్లు. పేరు లేదు, ముక్క నంబర్లే. అప్పటికి మిర్రర్ అనే కమాండ్ నేర్చుకున్నారు. సగం గీసి, నడుమ ఒక గీత చూపితే, మిగతా సగం అద్దంలో బొమ్మలా దానంతటదే వచ్చిపడుతుంది. సారు పని పంచుతూనే, ఈ ముక్కలకు దాన్ని వాడొద్దని అందరి చేతా ఒట్టు పెట్టించాడు.

లిదియా సారు ఇచ్చిన కొలతల చీటీ చూసింది. కుడి కమ్మీ పొట్టి. ఎడమది దానికంటే డెబ్బై మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు, పైగా ముందుకు జరిగి ఉంది. మేకను కొలిచే మనిషి లెక్క ఇంతేలే అనుకుంది. ఎడమ కమ్మీ చక్కగా గీసి, మిర్రర్ కొట్టి, ముచ్చటైన జత తయారుచేసి చూపించింది.

సారు తెరను కొలిచాడు. తర్వాత దాన్నంతా చెరిపేశాడు.

"సార్, రెండు దిక్కుల ఒక్కతీరు ఉంటెనే అందం గద?"

"అందమే. మనిషి ఒక్కతీరు లేనప్పుడు అందం ఏం జేసుకుంటడు? మళ్ల గియ్యి."

రెండుసార్లు కరెంటు పోయి గీసిందంతా మాయమైంది. ఏడుపు దిగమింగుకుంటూ గురువారానికి మూడోసారి గీసింది. సర్టిఫికెట్‌తో పాటు ఈ వంకర కమ్మీలు చూసి ఏ కంపెనీవాడు ఉద్యోగం ఇస్తాడని ఆమె బాధ. సారు ప్రింటు తీసి చేతికిచ్చి, "బస్సు ఎక్కేముందు మైసన్నకు ఇచ్చిపో" అన్నాడు.

వడ్రంగం చేసే వడ్ల మైసన్న అడ్డా బస్టాండు వెనకే. అతను ప్రింటు చూసి బీడీ పక్కన పెట్టాడు. మూలన ఒక కుర్చీ సగం తయారై ఉంది, సలీము గీసిన గుడ్డు రంధ్రం పలకతో. కింద బకెట్టు పట్టేంత జాగా వదిలాడు. మైసన్న తన దగ్గరున్న కట్టెను లిదియా గీసిన కమ్మీ ఉండాల్సిన చోట ఆనించి చూపాడు. "మంచం దిక్కు పొట్టిది. అటు నుంచి జారి కూసుంటడు. ఇటు పొడుగుది పట్టుకుని లేస్తడు. ఎవ్వరు ముట్టుకునే పని లేదు."

లిదియా ఆ రంధ్రం అంచును వేలితో తడిమింది. "ఎవరికి మైసన్నా?" అంది, తెలిసే.

"నాకెట్ల తెలుస్తది బిడ్డా? సారు పేరు రాయడు. ఇది పన్నెండోది. కుర్చీలు, కర్రలు, చేతులు వణికేటోళ్లకు రెండు చెవుల గిలాసలు. ఈసారి చీటీల 'మేక మెడ నాలుగువందల పది' అని గూడ ఉన్నది. నేనేం జెయ్యాలె దానికి? గంట కట్టాల్నా?"

"మరి మేకనెందుకు కొలిచిండు?"

మైసన్న విచిత్రంగా చూశాడు. "మంచం మీదున్న మనిషినొక్కన్నే కొలిస్తే ముడుచుకుంటడు బిడ్డా. మేకను, బిందెను, పొయ్యిని కొలిచినంక ఆయిన్ని గూడ కొలిస్తే, పిచ్చోడు గదా అని నవ్వుకుంట చెయ్యి ఇస్తడు. ఊరంత కొలిచి కొలిచి పిచ్చోడు అనిపించుకోవాల్నంటే ఎంత ఓపిక గావాలె, చెప్పు?"

తర్వాతి మంగళవారం కుర్చీ బస్సు టాపు మీద ఎల్లారెడ్డి చేరింది. స్వామిదాసుతో సహా మంచాన్ని ఇంటి వెనక తడికల చాటుకు జరిపి, పక్కనే కుర్చీ వేసి, తల్లీకూతుళ్లు బయటికొచ్చి వీపు తిప్పి నిలబడ్డారు. లోపల కట్టె కిర్రుమంది. స్వామిదాసు ఎవరినో తిట్టాడు. మళ్లీ కిర్రుమంది. తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు. మరియ లోపలికి అడుగు వేయబోతే లిదియా కొంగు పట్టి ఆపింది.

"ఎవ్వరు రాకుండ్రి" అని లోపలి నుంచి గొంతు. "నేనే వస్త."

ఆ పొద్దు మరియ అలవాటుగా పిడికెడే పెట్టింది. స్వామిదాసు కంచం కేసి చూశాడు.

"నేనేమన్న పిట్టనా?" అన్నాడు.

మరియ గిన్నె తెచ్చి ముందు పెట్టింది. ఆయన కలుపుకుని రెండు ముద్దలు తిని, పప్పులో ఉప్పు లేదని గట్టిగా కసిరాడు. మూడు నెలల తర్వాత ఆమెకు పడ్డ మొదటి తిట్టు. మరియ పొయ్యి దగ్గరికి తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ, ఉప్పు డబ్బా వెతకడం మొదలుపెట్టింది.