బీ-యున్ కంట్లో గాలి బుడగ

బీ-యున్‌కి పొగమంచంటే లెక్కలేదు. లిషాన్ కొండమీద తేయాకు తోటలో పుట్టి, ఆ పక్క తోటలోకే కోడలిగా వెళ్ళి, ఏళ్ళ తరబడి మంచులోనే ఆకు గిల్లుతున్న మనిషి. అందుకే ఎడమకంటి మూల ఏదో కమ్ముకొస్తే మంచు దిగిందనుకుంది. పక్కవాళ్ళు ఎండ మాడుస్తోందని టోపీలు సర్దుకుంటుంటే, వీళ్ళకేం మాయరోగం అనుకుంది. మంచు ఎంతకీ వీడదే! కుడికన్ను మూసి చూస్తే సగం లోకం లేదు.

కొండ దిగి తైచుంగ్ పట్నంలో ఆసుపత్రికి వెళ్తే, కంటి వెనక గోడకు అంటుకుని ఉండాల్సిన రెటీనా పొర చిరిగి ఊడిపోయిందన్నారు. నొప్పే లేదు కదా, ఊడడమేమిటి? ఆవిడకు అంతుపట్టలేదు. డాక్టరమ్మ ఆపరేషన్ చేసి, చిరుగు చుట్టూ లేజరు కొట్టి, పొరను గోడకు అదిమిపట్టడానికి కంట్లో గాలి బుడగ పెట్టింది. బుడగ పైకి తేలి పొరను నొక్కాలంటే బోర్లా పడుకోవాలట. అది దానంతటదే కరిగేదాకా కొండెక్కకూడదట. ఎక్కితే కన్నే పోవచ్చట.

ఇదెక్కడి చోద్యం! సొంత ఇంటికి పోతే కన్ను పోతుందా? పైన వసంతకాలపు ఆకు ముదిరిపోతోంది. కోసిన ఆకు సరిగ్గా వాడిందో లేదో వాసన పట్టి చెప్పేది ఆవిడే. పట్నంలోనే ఉన్న చెల్లెలి ఇంట్లో నేలను చూస్తూ పడుండలేక, చూడ్డానికొచ్చిన మొగుడు చిన్-షుయి ట్రక్కు ఎక్కి కూర్చుంది. అతనూ వద్దనలేదు.

కొండ కింది పూలీ ఊరు దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే కన్ను సలపడం మొదలైంది. ఇంకొంచెం పైకెళ్ళేసరికి తల పగిలిపోతోంది.

“ఆపకయ్యా, ఇంటికెళ్ళి పడుకుంటే అదే తగ్గుద్ది,” అంది.

చిన్-షుయి ఆపేశాడు. అతని చూపు స్టీరింగు ముందున్న రొయ్యల చిప్స్ ప్యాకెట్ మీద ఉంది. పైకెళ్ళేకొద్దీ ప్యాకెట్లు ఉబ్బుతాయని కొండవాళ్ళలో చంటిపిల్లలకీ తెలుసు. అది బూరెలా పొంగి, పేలడానికి సిద్ధంగా ఉంది.

“నీ కంట్లో ఉన్నదీ గాలేగదే,” అన్నాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

ట్రక్కు వెనక్కి తిప్పాడు. దిగేకొద్దీ నొప్పి సర్దుకుంది. డాక్టరమ్మ ఇద్దర్నీ చెడామడా తిట్టి, పొర అతుక్కునే ఉందని, కన్ను దక్కిందని చెప్పింది. బీ-యున్‌కి అప్పటికీ సగమే బోధపడింది.

“మరి ఆకో?” అంది బోర్లా పడుకుంటూ.

“పోతే పోనీవే.”

పెళ్ళయిన దగ్గర్నుంచి ఆకు గురించి అతని నోట ఆ మాట వినలేదు. కన్ను పోయేదేనన్న భయం బీ-యున్‌కి అప్పుడేసింది.